గ్రిప్ టేప్ మీద లేసు డిజైను, తెలుగులో పేరు: ముందు కట్టరు, తర్వాతే రంగు

పాలకొల్లులో డిగ్రీ చదువుతున్న తమ్ముడి ప్రశ్న ఇది. కొత్తగా స్కేట్‌బోర్డు కొన్నాడు. కాళ్లు జారకుండా పైన అంటించి వచ్చిన నల్ల గ్రిప్ టేప్ బోసిగా ఉంది. వాళ్ల అమ్మమ్మ అల్లే లేసు డిజైను, తెలుగులో తన పేరు దాని మీద వేసుకోవాలని ఉంది. ఏ రంగు వాడాలి, రంగు వేస్తే పట్టు పోతుందా, మన వానలకి నిలుస్తుందా, పైన వార్నిష్ కొట్టాలా అని అడిగాడు.

తమ్ముడూ, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. వార్నిష్ కొట్టకు. క్లియర్ కోటు, లక్కర్, ఏ పేరుతో అమ్మినా సరే, వద్దు. బోర్డు గోడకి తగిలించుకోవడానికైతే ఎన్ని పూతలైనా వేసుకో, అడిగేవాళ్లు లేరు. ఎక్కి తిరిగే బోర్డు మీద మాత్రం అది జారుడు బల్ల చేస్తుంది.

ఎందుకో చెప్తాను, ఇది తెలిస్తే మిగతావన్నీ నీకే అర్థమైపోతాయి. గ్రిప్ టేప్ అంటే వెనక జిగురు పూసిన ఉప్పుకాగితం లాంటిదే. పైన ఉండే పలుకులు మంచి టేపుల్లో సిలికాన్ కార్బైడ్. సాన రాళ్లలో కార్బొరండం అంటాం చూడు, అదే. ఎడ్వర్డ్ అచెసన్ అనే అమెరికన్ దీని తయారీకి 1893లో పేటెంటు తీసుకున్నాడు. గట్టిదనంలో వజ్రం తర్వాతి వరసలోది. స్కేట్‌బోర్డు టేపులు ఎక్కువగా 80 నంబరు గరుకు అనుకో, పలుకు సుమారు 0.2 మిల్లీమీటరు ఉంటుంది. అందులో కొంత భాగం జిగురు పొరలో కూరుకుపోయి ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చిన మొనలే నీ బూటుని పట్టుకునేవి. స్ప్రే డబ్బాతో పల్చగా ఒక పూత కొడితే ఆరిన తర్వాత దాని మందం 20 మైక్రాన్లు, అటూ ఇటుగా. మిల్లీమీటరులో యాభయ్యో వంతు. రెండు పూతలు పడ్డా మొనలు ఇంకా పైకే ఉంటాయి. ఐదారు పూతలు పడి, దాని మీద వార్నిష్ కూడా పడితే పలుకుల మధ్య సందులు పూడిపోతాయి. రంగు బాగా మెరుస్తుంది, కాలు బాగా జారుతుంది.

అందుకే నా లెక్క ఒకటే: డిజైనులో సగం కట్టరుతో రావాలి, మిగతా సగానికే రంగు. అదీ కాలు రాపాడని చోట.

ఆ చోటు ఎక్కడో ముందు కనిపెట్టు. నీ బోర్డు 8 అంగుళాల వెడల్పు అన్నావు. ముందు ట్రక్కు (చక్రాల్ని బోర్డుకి బిగించే లోహపు ఇరుసు) లోపలి బోల్టుల నుంచి వెనక ట్రక్కు లోపలి బోల్టుల దాకా దాదాపు 14 అంగుళాలు ఉంటుంది. వెనక కాలు టెయిల్ (వెనక కొస) మీద, ముందు కాలు ముందు బోల్టుల వెనక. ఓలీ కొట్టేటప్పుడు, అంటే బోర్డుతో సహా గాల్లోకి ఎగిరేటప్పుడు, ముందు బూటు పక్క అంచు ఆ బోల్టుల వెనక నుంచి నోస్ (ముందు కొస) దాకా ఈడ్చుకుంటూ పోతుంది. ఆ పట్టీ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా రోజూ తొక్కేవాడికి కొన్ని వారాల్లో అరిగిపోతుంది. నువ్వు ఎడమ కాలు ముందు పెడతావో కుడి కాలు ముందు పెడతావో దాన్నిబట్టి ఆ పట్టీ బోర్డుకి ఏ అంచు వైపు పడుతుందో మారుతుంది. ఇంకా తెలియకపోతే రంగు పని ఆపి, ఉన్న నల్ల టేపు మీదే నెల రోజులు తొక్కు. టేపే చెప్తుంది. బూటు రుద్దిన చోట పలుకులు నున్నబడి బూడిద రంగుకి తిరుగుతుంది. నడిమి భాగం మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. అదే నీ బొమ్మ చోటు.

ఇప్పుడు కట్టరు పని. విడి షీటు 9 అంగుళాల వెడల్పు, 33 అంగుళాల పొడవు ఉంటుంది. నువ్వు చేయాలనుకున్నవన్నీ విడి షీటు మీదే చేయడం తేలిక, కాబట్టి ఒకటి తెప్పించుకో. చిల్లులు పొడిచిన రకమైతే అంటించేటప్పుడు గాలి బుడగలు తక్కువ. షీటుని బోర్లా వేసి, వెనక కాగితం మీద గీసి, వెనక నుంచే కొయ్యాలి. గరుకు వైపు నుంచి కోస్తే రెండు గీతలకే బ్లేడు మొద్దుబారుతుంది. వెనక నుంచి కోస్తున్నావు కాబట్టి బొమ్మ తిరగేసి గీయాలని మర్చిపోకు. అక్షరాలైతే ఇది మరీ ముఖ్యం. మొన మొద్దుబారిన బ్లేడు ముక్కని ఎప్పటికప్పుడు విరిచెయ్యి, పిసినారితనం వద్దు.

అన్నిటికంటే సులువైన, అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచే అలంకారం ఒక్క సన్నటి సందు. ముందు బోల్టుల దగ్గర టేపుని అడ్డంగా కోసి రెండు మూడు మిల్లీమీటర్లు వదిలేస్తే కింద చెక్క రంగు గీతలా కనిపిస్తుంది. నోస్ ఏదో టెయిల్ ఏదో చూడగానే తెలుస్తుంది కూడా. ఎనిమిది బోల్టుల్లో ఒక్కటి వేరే రంగుది బిగించినా అదే పని అవుతుంది. ఇంకొంచెం ఓపికుంటే రెండు రంగుల షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే ఆకారం కోసి, ఇందులోది అందులో, అందులోది ఇందులో పొదుగు. కొబ్బరాకు, చేప, పడవ తెరచాప, ఏదైనా సరే, ముక్కలు అంగుళం కంటే చిన్నవి కాకుండా చూసుకో. చిన్న ముక్కలు, సూది మొనలు ముందు లేచిపోయేవి. మూలలన్నీ కొంచెం గుండ్రంగా కొయ్యి.

సరే, లేసు సంగతికి వద్దాం, నీకు అసలు కావలసింది అదే కదా. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న పని అది. 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి చేతిపని మీద ఎనామిల్ స్ప్రే కొడితే ఆ లేసు మళ్లీ దేనికీ పనికిరాదు. దారాలు రేకులా బిగుసుకుపోతాయి. అమ్మమ్మని మరకపడిన పాత ముక్కో, అల్లిక తప్పిన ముక్కో అడుగు. మంచిది ఇస్తానన్నా తీసుకోకు.

ఎలాంటి ముక్క కావాలంటే, దారం లావుగా, కన్నాలు పెద్దగా ఉండాలి. సన్నదారంతో అల్లిన చిక్కటి పనితనం గరుకు మీద కనిపించదు. పలుకుల మీద పడే రంగు అంచు ఎప్పుడూ కొంచెం చెదిరినట్టే ఉంటుంది కాబట్టి రెండు మిల్లీమీటర్ల కంటే సన్నటివన్నీ కలిసిపోతాయి. బోల్టుల మధ్య చోటుకి ఆరంగుళాల గుండ్రటి టేబుల్ లేసు ముక్క చక్కగా సరిపోతుంది. దాన్ని చిక్కటి గంజిలో ముంచి, బల్లపరుపుగా పరిచి ఆరబెట్టి, ఇస్త్రీ చెయ్యి. బిగుసుకున్న లేసు షీటుకి అతుక్కుని కూర్చుంటుంది. మెత్తటిదైతే స్ప్రే గాలికే లేస్తుంది, దాని కిందికి రంగు దూరి బొమ్మంతా మసకబారుతుంది.

రంగు కొట్టే పని టేపు ఇంకా షీటుగా ఉన్నప్పుడే, వెనక కాగితం తీయకముందే చెయ్యాలి. డెక్‌కి (బోర్డు చెక్కకి) అంటించాక టేపుకి ఒంపు వస్తుంది, లేసు పైకి తేలిపోతుంది. ముందు షీటుని బోర్లా వేసి దాని మీద డెక్ బోర్లా పెట్టి, చుట్టూ పెన్నుతో గీసి, బోల్టు రంధ్రాల గుర్తులు పెట్టు. అప్పుడు మధ్య చోటు ఎక్కడో లెక్క దొరుకుతుంది. తర్వాత షీటు తిరగేసి దర్జీ సుద్దతో గరుకు వైపు మధ్య గుర్తు వేసుకో. లేసు దాని మీద పరిచి, అంచుల్లో చిన్న చిన్న నట్లో వాషర్లో బరువు పెట్టు. మిగతా షీటంతా పేపర్లు కప్పాలి. మాస్కింగ్ టేపు గరుకు మీద సరిగా అంటదు, అందుకని పేపర్ల మీద కూడా బరువులే.

డబ్బా 25, 30 సెంటీమీటర్ల ఎత్తున, నిటారుగా పైనుంచి పట్టుకో. పక్క నుంచి కొడితే దారం కిందికి రంగు పోతుంది. చిన్న చిన్నగా కొట్టి ఆపు, పది నిమిషాలు ఆగి ఇంకోసారి. అంతే, మూడోది వద్దు. రంగు పచ్చిగా ఉండగానే లేసుని రెండు చేతులతో నిటారుగా పైకి లేపు, పక్కకి ఈడవకు. షీటు ఒక రోజంతా ఆరనివ్వు. తలుపులు తీసి ఉన్న వరండాలో, ముక్కుకి మాస్కు కట్టుకుని చెయ్యి. వంటింటి పొయ్యి దరిదాపుల్లో మాత్రం వద్దు, ఆ డబ్బాలో గ్యాసు అంటుకుంటుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. నల్ల టేపు మీద లేసు పెట్టి తెల్ల రంగు కొడితే కన్నాలు తెల్లగా వస్తాయి, దారాలున్న చోటు నల్లగా మిగులుతుంది. అంటే నల్ల లేసు. చూడ్డానికి అదీ బాగానే ఉంటుంది, కానీ నీ మనసులో ఉన్నది తెల్ల లేసు అనుకుంటాను. దానికోసం నల్ల టేపు మీద ముందు తెల్లగా కొట్టి, దానిమీద లేసు పరిచి మళ్లీ నల్లగా కొడితే పూతలు రెట్టింపు, పట్టు సగం. దానికంటే లేత రంగు టేపు షీటు కొని లేసు పరిచి నల్లగా ఒకే ఒక్కసారి కొట్టు. దారాల చోటు లేతగా మిగిలిపోతుంది. కాకపోతే మన మట్టికి లేత టేపు ఎన్నాళ్లు లేతగా ఉంటుందో నీకే తెలుసు. నేనైతే ఆ 14 అంగుళాల్లో కాలు పడని నడిమి ముక్క మాత్రమే లేత టేపుతో పొదిగి, రెండు కాళ్లు పడే చోట్ల నల్లదే ఉంచుతాను. మురికీ దాగుతుంది, కాళ్ల కింద పట్టూ చెక్కుచెదరదు.

ఇక పేరు. నేను రాజమండ్రిలో బోర్డులు రాసిన వాణ్ని, ఫ్లెక్సీలు వచ్చాక స్టిక్కర్ల పనిలోకి మారాను, కాబట్టి అక్షరాల విషయంలో నాకు కొంచెం చాదస్తం. తెలుగు అక్షరాలు గుండ్రటివి, వాటిలో మూతపడిన కడుపులు ఎక్కువ. స్టెన్సిల్ కోస్తే సున్నా లోపలి ముక్క, 'ఠ' లోపలి ముక్క ఊడి చేతికొస్తాయి. ప్రతి కడుపుకీ రెండు సన్నటి పట్టీలు వదిలి కొయ్యాలి, లోపలి ముక్క వాటిని పట్టుకుని ఉంటుంది. వత్తులు, గుడులు అక్షరం నుంచి కాస్త విడిగా పెట్టినా చదవడానికి ఇబ్బంది ఉండదు. అక్షరం ఎత్తు అంగుళంన్నర కంటే తగ్గితే పట్టీలు కొయ్యడానికే చోటుండదు.

స్టెన్సిల్‌కి పాత ఎక్స్‌రే ఫిల్ముని మించింది లేదు. గట్టిగా ఉంటుంది, వంగుతుంది, తుడిస్తే మళ్లీ పనికొస్తుంది. దొరక్కపోతే జెరాక్స్ షాపులో ఇచ్చే ప్లాస్టిక్ షీటు. చేత్తో కొయ్యలేనంటే బళ్లకి రేడియం స్టిక్కర్లు అంటించే షాపుకి వెళ్లు. వాళ్ల దగ్గర కోసే మిషను ఉంటుంది, తెలుగు ఫాంట్లూ ఉంటాయి. పేరు టైపు చేయించి, పట్టీలు పెట్టమని నువ్వే దగ్గరుండి చెప్పు, లేకపోతే మామూలు స్టిక్కరులా కోసిచ్చేస్తారు. స్టిక్కరుని గరుకు మీద అంటించి స్టెన్సిల్‌గా వాడదామనుకోకు, అంచులు నిలవవు.

స్ప్రే వద్దు, పెన్నుతో రాసుకుంటానంటావా? మామూలు మార్కరు నల్ల టేపు మీద కనపడదు. పెయింట్ మార్కరు కావాలి. పోస్కా లాంటి నీటి రంగు మార్కర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, రంగులు చాలా ఉంటాయి. మన ఊళ్లో వెంటనే కావాలంటే బైకుల సామాన్ల షాపులో టైర్ల మీద అక్షరాలు దిద్దే తెల్ల పెన్ను అడుగు. అది నూనె రంగు, తడిని బాగా తట్టుకుంటుంది. ఏదైనా సరే, పెన్నుని కాగితం మీద ఈడ్చినట్టు ఈడ్చకు, మొన పీచులు లేచి పోతుంది. చుక్క మీద చుక్క అద్దుకుంటూ వెళ్లు. అందుకే గ్రిప్ మీద ముగ్గు చాలా బాగా కుదురుతుంది. దర్జీ సుద్దతో అంగుళానికో చుక్క పెట్టుకుంటే 8 అంగుళాల వెడల్పులో ఏడు చుక్కలు వస్తాయి. ఏడు నుంచి ఒకటి దాకా రెండు వైపులా తగ్గించుకుంటూ పోయి, మెలిక ముగ్గు గీతని చిన్న చిన్న చుక్కలుగా అద్దు. మీ అమ్మగారికి చూపిస్తే ముగ్గు తప్పులు కూడా ఆవిడే దిద్దుతారు. ఎరుపు, పసుపు లాంటి రంగులు నల్లటి దాని మీద నేరుగా వేస్తే మాడినట్టు కనిపిస్తాయి. కింద తెల్ల చుక్క అద్ది, ఆరాక దాని మీద రంగు అద్దాలి. ఫ్యాన్సీ షాపులో దొరికే ఫ్యాబ్రిక్ పెయింటు, గరుకైన పాత బ్రష్షుతో పొడుస్తూ వేసినా పనికొస్తుంది. ఆయిల్ పేస్టల్స్ జోలికి వెళ్లకు, అవి మైనం, జారతాయి.

ఏం వేయకూడదో కూడా చెప్పాలి. నీ కాళ్ల కింద ఉండే చోటు అది. దేవుడి బొమ్మ, ఓంకారం, నామాలు వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, నీకూ ఎక్కినప్పుడల్లా మనసొప్పదు. నీ పేరు నీ ఇష్టం, మీ తాతగారి పేరు మాత్రం వద్దు. మూడు రంగుల జెండా అసలే వద్దు. జెండాని కావాలని నేలకి తగలనివ్వడం 1971 నాటి చట్టం ప్రకారం అవమానం కిందికే వస్తుంది, కాలి కిందైతే చెప్పేదేముంది. ఇక హీరో బొమ్మ. అభిమానంతో వేశానని నువ్వంటావు, మా హీరోని తొక్కుతున్నాడని ఇంకొకళ్లంటారు. మన గోదావరి జిల్లాల్లో ఫ్లెక్సీ చిరిగితేనే ఏమవుతుందో చూశావుగా. బోర్డు అడుగు వైపు బోలెడు చోటుంది, అక్కడ వేసుకో.

వానల గురించి అడిగావు. రంగు కంటే ముందు నీ బోర్డే వానకి పోతుంది. డెక్ అంటే సాధారణంగా ఏడు మేపుల్ చెక్క పొరలు జిగురుతో అతికించింది. నీళ్లు పీల్చితే పొరలు విడతాయి, బేరింగులు తుప్పు పడతాయి. తడి రోడ్డు మీద తీయకు. టేపులో సందులు కోసి డిజైను చేస్తే ఆ సందుల్లోంచి కూడా తడి దిగుతుంది. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రం పక్క రోడ్లైతే ఉప్పుగాలి, ఇసుక తోడవుతాయి. ఇంటికి రాగానే పొడి బ్రష్షుతో దులిపెయ్యి. టేపుని నీళ్లతో కడగొద్దు. మురికి తీయడానికి గ్రిప్ గమ్ అని రబ్బరు ముక్క అమ్ముతారు, ఎరేజరులా రుద్దడమే.

రంగు పనికి మాత్రం ముసురు రోజు పనికిరాదు. గాలిలో తేమ బాగా ఉన్నప్పుడు స్ప్రే కొడితే ఆరేటప్పుడు ఆ తేమ రంగు మీద చేరి తెల్లటి పొగలా బూజరగా మిగులుతుంది. శ్రావణ భాద్రపదాల్లో మనకి ఇది మామూలే. పుష్యమాసం పొద్దున్నే మంచులో కూడా అంతే, ఎండ ఎక్కి పదకొండు అయ్యాక మొదలుపెట్టు. మాఘం, ఫాల్గుణం మంచి రోజులు. రోహిణి కార్తెలో ఇంకో గొడవ, జిగురు మెత్తబడి బ్లేడుకి సాగుతుంది, అంటించబోతే ముట్టుకున్న చోటే పట్టేసుకుని మళ్లీ లేవదు. తెల్లవారుజామున చేసుకో. ఎండలో కారులో బోర్డు వదిలేస్తే అంచులు లేవడం కూడా ఆ జిగురు వల్లే.

అంటించే పని నీకు వీడియోల్లో బోలెడు దొరుకుతుంది, క్లుప్తంగా చెప్తాను. పాత టేపుని హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి, ఒక మూల లేపి మెల్లగా లాగు. మిగిలిన జిగురుని థిన్నరు గుడ్డతో తుడువు. చేతి జిడ్డుకి కొబ్బరి నూనె బ్రహ్మాండంగా పనిచేస్తుంది గాని డెక్ మీద చుక్క పడనీయకు, కొత్త టేపు అక్కడ అంటదు. షీటుని రెండు చివరలూ పట్టుకుని మధ్య నుంచి దించి, మధ్య నుంచి బయటికి అరచేత్తో నొక్కు. నీ లేసు మధ్యలో ఉండాలి కాబట్టి ఒక చివర నుంచి మొదలుపెట్టకు, గుర్తు తప్పుతుంది. రంగు ఉన్న చోట చేత్తో కాకుండా మెత్తటి గుడ్డ పెట్టి నొక్కు. అంచు చుట్టూ ఆకురాయితో గానీ స్క్రూడ్రైవరు కాడతో గానీ వాలుగా రుద్దితే తెల్ల గీత పడుతుంది, ఆ గీత వెంబడి కట్టరుతో కింది నుంచి కొయ్యి. బోల్టు రంధ్రాలు కింది నుంచి పైకి పొడవాలి.

రోజూ తొక్కేవాడివైతే ఈ టేపు కొన్ని నెలల కంటే ఉండదు, కొత్త డెక్ కొన్నప్పుడు ఎలాగూ కొత్త టేపే. అందుకని ఎక్స్‌రే స్టెన్సిలూ, గంజి పెట్టిన లేసు ముక్కా పారేయకు, రంగు పట్టి కన్నాలు మూసుకుపోయేదాకా మళ్లీ మళ్లీ పనికొస్తాయి. కోయగా మిగిలిన టేపు అంచులతో డెక్ అంచులు నున్నగా రుద్దుకోవచ్చు. ఇంకా మిగిలితే మీ ఇంట్లో స్కూటీ కాళ్లు పెట్టే చోట ఒక పట్టీ అంటించు, వానాకాలంలో తడి చెప్పులు జారకుండా ఉంటాయి.